నాలుగు వేల వరుసలైనా మౌస్ ముట్టకుండా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

దాళ్వా, అంటే రెండో పంట వరి, మాసూళ్లు అయ్యాక మా గోదావరి డెల్టాలో ఎవర్ని కదిపినా లెక్కలే. మిల్లులో ధాన్యం లెక్క, చెరువు గట్టున మేత లెక్క, కొబ్బరితోటలో దింపు లెక్క. ఇవన్నీ ఇప్పుడు ఎక్సెల్ షీట్లలోకి వచ్చేశాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది ఒకటే అడిగారు: షీటులో కావాల్సిన సెల్స్‌ను, అంటే గళ్లను, కావాల్సినన్నే, త్వరగా సెలెక్ట్ చేయడం ఎలా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. రైస్ మిల్లులో పద్దులు రాసి, ఆ తర్వాత పాలకొల్లులో పిల్లలకు కంప్యూటర్ మీద లెక్కలు నేర్పుతున్నదాన్ని కాబట్టి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం కూడా. ఫార్ములా ఎంత సరిగ్గా ఉన్నా, సెలెక్ట్ చేసినదాంట్లో ఒక్క వరుస తగ్గితే ఆ వరుసలో ఉన్న రైతుకి డబ్బు తగ్గుతుంది. అందుకని ఓపిగ్గా రాస్తున్నాను, మీరూ కంప్యూటర్ ముందు పెట్టుకుని ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది మండపేట దగ్గరండి. రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను. ఈ దాళ్వాకి ధాన్యం కొనుగోలు షీటు నాలుగు వేల వరుసలు దాటింది. తేదీ, ఊరు, రైతు పేరు, రకం, బస్తాలు, తేమ, నికర బరువు, రేటు, మొత్తం అని కాలమ్స్ ఉన్నాయి. కిందిదాకా సెలెక్ట్ చేయాలంటే మౌస్ నొక్కి పట్టుకుని లాగుతూ కూర్చుంటున్నాను. చెయ్యి జారితే మళ్లీ మొదటికి. లేదంటే ఆపాల్సినచోట ఆగకుండా ఎక్కడికో పోతుంది. కంట్రోల్, షిఫ్ట్, డౌన్ యారో కలిపి నొక్కమని ఒక స్నేహితుడు చెప్పాడు. నొక్కితే సగంలోనే ఆగిపోతోంది. ఎందుకండీ?

జవాబు: మీ స్నేహితుడు చెప్పింది సరైనదే తమ్ముడూ. ఆ మూడు కీల పని విడివిడిగా తెలిస్తే ఎందుకు ఆగుతోందో మీకే అర్థమవుతుంది.

డౌన్ యారో ఒక్కటే నొక్కితే ఒక సెల్ కిందికి వెళ్తారు. కంట్రోల్ పట్టుకుని డౌన్ యారో నొక్కితే వరుసగా నిండి ఉన్న సెల్స్‌లో చివరిదాని దగ్గరికి ఒక్క గంతులో వెళ్తారు. షిఫ్ట్ కూడా పట్టుకుంటే, బయలుదేరిన సెల్ నుంచి చేరిన సెల్ దాకా అంతా సెలెక్ట్ అవుతుంది. అంటే గంతు వేయించేది కంట్రోల్, దారిలో ఉన్నదంతా పట్టుకునేది షిఫ్ట్. పైకి, పక్కకి కూడా ఇదే పద్ధతి.

ఇక ఆగిపోవడం సంగతి. గట్టు మీద నడుస్తున్న మనిషి గండి కనబడగానే ఆగినట్టు, ఈ గంతు ఖాళీ సెల్ ఎదురుకాగానే దాని పైసెల్ దగ్గర ఆగుతుంది. మీరు ఏ కాలమ్‌లో నిలబడి నొక్కారో రాయలేదు గానీ, తేమ కాలమ్‌లో అయి ఉంటుందని నా అనుమానం. తేమ మిషన్ పనిచేయని రోజునో, హడావుడిలో కాటా అయిపోయిన లోడుకో ఆ గడి ఖాళీగా వదిలేయడం మిల్లుల్లో మామూలే. అక్కడే ఆగుతుంది. ఇంకోసారి అదే నొక్కితే ఖాళీ దాటి తర్వాతి నిండిన సెల్‌కి వెళ్తుంది, మరోసారి నొక్కితే తర్వాతి ఖాళీ దాకా. అలా నొక్కుకుంటూ పోవచ్చు. కానీ చివరికి వచ్చాక ఒకటి ఎక్కువ నొక్కారంటే ఏకంగా 10,48,576వ వరుసలో తేలతారు. ఎక్సెల్ 2007 నుంచి షీటు అడుగు అదే. అంతకుముందు వెర్షన్లలో 65,536 వరుసలే ఉండేవి. అలా తేలితే కంగారు పడకండి. షిఫ్ట్ వదలకుండా కంట్రోల్‌తో అప్ యారో నొక్కితే చివరి నిండిన సెల్ దగ్గరికి తిరిగి వస్తారు, సెలెక్షన్ కూడా అక్కడికే కుదించుకుంటుంది.

మీ షీటుకి నేను చెప్పే పద్ధతి వేరే. ఎప్పుడూ ఖాళీ ఉండని కాలమ్ ఒకటి చూసుకోండి. మీకు అది తేదీ. తేదీ మొదటి సెల్‌లో నిలబడి కంట్రోల్ + షిఫ్ట్ + డౌన్ యారో ఒక్కసారి నొక్కండి. కింది దాకా వెళ్తుంది. తర్వాత కంట్రోల్ వదిలేసి, షిఫ్ట్ మాత్రం పట్టుకుని రైట్ యారో ఒక్కొక్కటిగా నొక్కుకుంటూ "మొత్తం" అని ఉన్న చివరి కాలమ్ దాకా రండి. మధ్యలో తేమ గళ్లు ఎన్ని ఖాళీగా ఉన్నా అడ్డు రావు, ఎందుకంటే కిందికి కొలత తేదీ కాలమ్‌దే.

తేమ కాలమ్ ఒక్కటే కావాలంటే ఎఫ్5 నొక్కండి, చిన్న పెట్టె వస్తుంది. మీ తేమ కాలమ్ అక్షరం ఎఫ్ కాబట్టి, అందులో ఎఫ్2:ఎఫ్4187 అని ఇంగ్లీషు అక్షరంతో మొదటి సెల్, చివరి సెల్ పేర్లు మధ్యలో రెండు చుక్కలు పెట్టి టైపు చేసి ఎంటర్ కొట్టండి. సరిగ్గా అంతే సెలెక్ట్ అవుతుంది. ఇక్కడ 4187 అన్నది మీ చివరి వరుస నంబరు అనుకోండి. నంబరు తెలియకపోతే తేదీ కాలమ్‌లో కంట్రోల్ + డౌన్ యారో నొక్కితే ఎడమ పక్కనే కనిపిస్తుంది.

కంట్రోల్ + ఎ మాట కూడా చెప్పాలి. మీ డేటా మధ్యలో ఎక్కడైనా నిలబడి నొక్కితే చుట్టూ ఉన్న డేటా మొత్తం, పైన హెడ్డింగులతో సహా సెలెక్ట్ అవుతుంది. ఇంకోసారి నొక్కితే షీటు మొత్తం. విడివిడి ఖాళీ గళ్లు దీన్ని ఆపవు. పూర్తిగా ఖాళీగా ఉన్న వరుస ఒకటి మధ్యలో ఉంటే మాత్రం అక్కడితో ఆగుతుంది. ఒక రోజు కొనుగోలు అయ్యాక చూడ్డానికి బాగుంటుందని ఒక వరుస వదిలేసే అలవాటు చాలామంది గుమాస్తాలకి ఉంది. కాగితం పుస్తకంలో అది మంచి అలవాటే. ఎక్సెల్‌లో దయచేసి మానేయండి. రోజుకీ రోజుకీ తేడా కనబడాలంటే ఆ వరుసకి రంగు వేసుకోండి.

సెలెక్ట్ అయ్యాక ఊరికే నమ్మేయకండి. రెండు పరీక్షలున్నాయి. కంట్రోల్ పట్టుకుని ఫుల్‌స్టాప్ కీ నొక్కండి. సెలెక్షన్ చెదరకుండా, దాని నాలుగు మూలలకీ ఒకదాని తర్వాత ఒకటిగా తీసుకెళ్తుంది. పై మూల, కింది మూల కళ్లతో చూసుకోవచ్చు. రెండోది, షీటు అడుగున ఉన్న పట్టీలో కౌంట్, సమ్ కనిపిస్తాయి. బస్తాల కాలమ్ సెలెక్ట్ చేసినప్పుడు కౌంట్ ఎంత ఉంది, పేర్ల కాలమ్‌లో ఎంత ఉంది, పోల్చండి. ఒకటి తగ్గితే ఒక రైతు బస్తాలు రాయడం మర్చిపోయారన్నమాట.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 2,300 రూపాయలు. మన 75 కిలోల బస్తాకి 1,725. నలభై బస్తాలు తోలిన రైతు వరుస ఒక్కటి సెలెక్షన్ కింద మిగిలిపోతే 69,000 రూపాయలు ఆ జాబితాలోంచి జారిపోయినట్టే. అది ఒక కౌలురైతు ఇంట్లో పంట మొత్తం కావచ్చు. నాలుగు మూలలు చూసుకోవడానికి పట్టేది క్షణం.

ప్రశ్న: మేడమ్, భీమవరం దగ్గర రొయ్యల చెరువుల యజమాని దగ్గర అకౌంట్స్ చూస్తున్నాను. చెరువుల మీద ఉండే అబ్బాయి నోటు పుస్తకంలో రాసినట్టే షీటులో ఎక్కించాం. చెరువు నంబరు మొదటి వరుసలో ఒక్కసారే రాసి, కింద ఆ చెరువు రోజులన్నిటికీ ఖాళీగా వదిలేశాం. ఇప్పుడు మూడో చెరువు ఒక్కదాని లెక్క చూద్దామని ఫిల్టర్ పెడితే ఒక్క వరుసే వస్తోంది. ఏడు చెరువులు, ఒక్కోదానికి వంద పైన రోజులు. నంబరు కాపీ చేసి కిందికి లాగుతూ కూర్చోవాల్సిందేనా?

జవాబు: లాగక్కర్లేదమ్మా. ఖాళీ సెల్స్ మాత్రమే ఏరి సెలెక్ట్ చేసే ఉపాయం ఒకటి ఉంది. షార్ట్‌కట్స్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. నేర్చుకున్న ప్రతి పిల్ల మొహంలో వెలుగు చూశాను.

ముందుగా చెరువు కాలమ్‌ని, మొదటి నంబరు ఉన్న సెల్ నుంచి డేటా చివరి వరుస దాకా సెలెక్ట్ చేయండి. ఈ కాలమ్ నిండా ఖాళీలే కాబట్టి కంట్రోల్ + షిఫ్ట్ గంతు పనికిరాదు. పైన మిల్లు తమ్ముడికి చెప్పిన ఎఫ్5 పద్ధతిలో ఎ2:ఎ805 అని మీ చివరి వరుస నంబరుతో టైపు చేసి ఎంటర్ కొట్టండి.

ఇప్పుడు మళ్లీ ఎఫ్5 నొక్కండి. ఆ పెట్టెలో కింద స్పెషల్ అని బటన్ ఉంటుంది. మౌస్ అక్కర్లేకుండా ఆల్ట్ + ఎస్ నొక్కితే తెరుచుకుంటుంది. అందులో బ్లాంక్స్ అన్నది ఎంచుకోవాలి, దానికి కె అక్షరం. ఎంటర్. చూడండి, నంబరు ఉన్న సెల్స్ వదిలేసి ఖాళీ సెల్స్ మాత్రమే సెలెక్ట్ అయి ఉంటాయి.

ఇంకేమీ ముట్టుకోకుండా ఈజ్‌ఈక్వల్‌టు గుర్తు టైపు చేసి, అప్ యారో ఒక్కసారి నొక్కండి. పై సెల్ పేరు పడుతుంది. ఇప్పుడు మామూలు ఎంటర్ కొట్టకండి, కంట్రోల్ + ఎంటర్ కొట్టండి. సెలెక్ట్ అయి ఉన్న ప్రతి ఖాళీ సెల్‌లోనూ "నా పైన ఏముందో అదే నేను" అన్న ఫార్ములా ఒకేసారి పడుతుంది. ఒకటో చెరువు కింద అన్నీ ఒకటి, రెండో చెరువు కింద అన్నీ రెండు.

పని ఇంకా అయిపోలేదు. అవి ఫార్ములాలు, కాబట్టి షీటుని తేదీ ప్రకారం సార్ట్ చేస్తే చెరువు నంబర్లు తారుమారవుతాయి. మళ్లీ ఎ2:ఎ805 సెలెక్ట్ చేసి, కంట్రోల్ + సి, తర్వాత కంట్రోల్ + ఆల్ట్ + వి, వచ్చిన పెట్టెలో వి నొక్కి ఎంటర్. ఫార్ములాలు పోయి నంబర్లు నంబర్లుగా స్థిరపడతాయి.

ఇందులో ప్రమాదం ఒకటుంది. ఆ మొదటి మెట్టు, అంటే చెరువు కాలమ్ ఒక్కటే ముందు సెలెక్ట్ చేయడం, ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. ఒక్క సెల్‌లో నిలబడి ఎఫ్5, స్పెషల్, బ్లాంక్స్ కొడితే ఎక్సెల్ షీటులో వాడిన మేర అంతటా ఖాళీలు ఏరుతుంది. మేత కాలమ్‌లో ఖాళీలు కూడా అందులో పడతాయి. మేత కాలమ్‌లో ఖాళీ ఎందుకుంటుందో చెరువు మీద పనిచేసే ఎవర్ని అడిగినా చెబుతారు: ముసురు పట్టి, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, రొయ్య పైకి తేలుతుంటే ఆ పూట మేత ఆపేస్తారు. ఆ ఖాళీలో ముందు రోజు మేత బరువు పడిందనుకోండి, వేయని మేత వేసినట్టు లెక్క వస్తుంది.

లెక్క ఎలా మారుతుందో చూడండి. పట్టుబడి, అంటే పట్టిన రొయ్యలు, 3,000 కిలోలు, వేసిన మేత 4,200 కిలోలు అయితే ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకి పట్టిన మేత, 1.4. పొరపాటున ఖాళీల్లో మరో 300 కిలోలు చేరితే 1.5 అవుతుంది. యజమాని ఆ అంకె చూసి మేత బాగాలేదనో, చెరువు మీద అబ్బాయి బస్తాలు పక్కదారి పట్టించాడనో అనుకుంటాడు. రాత్రంతా నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్ల దగ్గర మేలుకుని కూర్చున్న కుర్రాడి మీద నింద పడుతుంది. అందుకే మేత వేయని రోజు గడి ఖాళీగా వదలకుండా సున్నా వేయమని ఆ అబ్బాయికి చెప్పండి. ఖాళీ అంటే రాయలేదని, సున్నా అంటే వేయలేదని ఇద్దరూ ఒప్పందానికి రండి.

ఎక్కడైనా ఖాళీగా కనిపిస్తున్నా సెలెక్ట్ కాని సెల్ ఉంటే, దాంట్లో ఎవరో స్పేస్ కొట్టి వదిలారని అర్థం. కంటికి ఖాళీ, ఎక్సెల్‌కి నిండుకుండే. డిలీట్ నొక్కి మళ్లీ మొదలుపెట్టండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ని. అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోట లెక్కలు ల్యాప్‌టాప్‌లో రాసుకుంటున్నాను. రెండు ఇబ్బందులు. మొన్నటి నుంచి యారో నొక్కితే సెల్ కదలకుండా షీటు మొత్తం కదులుతోంది. రెండోది, నాకు చేతులు వణుకుతాయి. మౌస్‌తో లాగలేను, రెండు మూడు కీలు ఒకేసారి నొక్కి పట్టుకోలేను. నావంటి వాడికి దారి ఉందా?

జవాబు: నమస్కారం మాస్టారూ. ఉందండి, మంచి దారే ఉంది.

మొదటిది స్క్రోల్ లాక్ అనే కీ పడిపోవడం వల్ల. కీబోర్డు మీద ఆ కీ ఉంటే ఒకసారి నొక్కితే చాలు. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఉండదు. అప్పుడు స్టార్ట్ మెనూలో ఆన్ స్క్రీన్ కీబోర్డ్ అని వెతికితే తెరమీద కీబోర్డు వస్తుంది, దాంట్లో స్క్రోల్ లాక్ కీ మీద ఒక్క క్లిక్ చేయండి.

రెండోదానికి ఎఫ్8. ఇది నొక్కి వదిలేయండి, పట్టుకోనక్కర్లేదు. షీటు అడుగు పట్టీలో ఎక్స్‌టెండ్ సెలెక్షన్ అని కనిపిస్తుంది. ఇప్పటి నుంచి మీరు ఏ యారో నొక్కితే అటువైపు సెలెక్షన్ పెరుగుతుంది. నిదానంగా, ఒక్కో కీ, మధ్యలో టీ తాగి వచ్చినా చెదరదు. చివరిదాకా ఒకేసారి వెళ్లాలంటే ఎండ్ కీ నొక్కి వదలండి, తర్వాత డౌన్ యారో నొక్కి వదలండి. కంట్రోల్ పట్టుకుని నొక్కినట్టే గంతు వేస్తుంది. అంటే దింపు తేదీల మొదటి సెల్‌లో నిలబడి ఎఫ్8, ఎండ్, డౌన్ యారో, ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే కాలమ్ మొత్తం సెలెక్ట్ అవుతుంది. అక్కర్లేదనుకుంటే ఎస్కేప్ నొక్కితే ఆ స్థితి నుంచి బయటికి వస్తారు.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్8 నొక్కితే వెలుతురో, శబ్దమో మారుతుంది. అలాంటప్పుడు ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాల్సి వస్తుంది, అది మీకు మళ్లీ కష్టం. చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి ఒకసారి నొక్కితే ఆ తర్వాత ఎఫ్8 నేరుగా పనిచేస్తుంది. ఆ ఒక్కసారికీ ఇంట్లో పిల్లల సాయం తీసుకోండి.

ఇంకో మాట కూడా వినండి మాస్టారూ. విండోస్‌లో స్టికీ కీస్ అని ఏర్పాటు ఉంది. షిఫ్ట్ కీ వరసగా ఐదుసార్లు నొక్కితే పెట్టమంటారా అని అడుగుతుంది, యెస్ అనండి. అప్పటినుంచి కంట్రోల్, షిఫ్ట్ లాంటివి పట్టుకోనక్కర్లేదు. ఒకటి నొక్కి వదిలి, తర్వాతది నొక్కి వదిలితే కలిపి నొక్కినట్టే తీసుకుంటుంది. మామూలుగా ఆ పెట్టె అనుకోకుండా వస్తే అందరూ విసుక్కుని మూసేస్తారు. మీలాంటివాళ్ల కోసమే అది పెట్టారు. మీ తోట లెక్క మీ చేత్తోనే రాసుకోండి.

ప్రశ్న: కడియంలో నర్సరీ మాది. మొక్కల స్టాకు షీటులో రకం, కవర్ సైజు, సంఖ్య, ధర అని కాలమ్స్ ఉన్నాయి. సంఖ్య కాలమ్ మాత్రమే కావాలని కంట్రోల్ + స్పేస్ నొక్కితే పక్కనున్న కాలమ్స్ అన్నీ కలిసి సెలెక్ట్ అవుతున్నాయి. కీబోర్డు పాడైందా?

జవాబు: కీబోర్డు బాగానే ఉందండి. షీటు పైన నర్సరీ పేరు పెద్ద అక్షరాలతో నడిమధ్యన రావాలని మొదటి వరుసలో సెల్స్ కలిపేసి ఉంటారు, మెర్జ్ అండ్ సెంటర్ అన్న బటన్‌తో. కంట్రోల్ + స్పేస్ నిలువుగా కాలమ్ మొత్తాన్ని పట్టుకుంటుంది. పైన కలిపేసిన సెల్ తగలగానే అది ఎన్ని కాలమ్స్ మీద పరుచుకుందో అన్నిటినీ లాక్కొస్తుంది.

ఆ పేరున్న సెల్‌లో నిలబడి మెర్జ్ అండ్ సెంటర్ బటన్ మళ్లీ నొక్కండి, విడిపోతుంది. తర్వాత ఆ సెల్స్‌నే సెలెక్ట్ చేసి కంట్రోల్ + 1 నొక్కి, అలైన్‌మెంట్‌లో హారిజాంటల్ దగ్గర సెంటర్ ఎక్రాస్ సెలెక్షన్ పెట్టండి. పేరు మధ్యలోనే కనిపిస్తుంది, సెల్స్ మాత్రం వేటికవే ఉంటాయి. ఇకమీదట కంట్రోల్ + స్పేస్ మాట వింటుంది. వరుస మొత్తం కావాలంటే షిఫ్ట్ + స్పేస్.

నా అభిప్రాయం అడిగితే, లెక్కల షీటులో సెల్స్ కలపడమే వద్దంటాను. అందం కోసం చేసే ఆ పని తర్వాత సార్ట్‌కీ, ఫిల్టర్‌కీ, కాపీకీ అన్నిటికీ అడ్డం పడుతుంది. గులాబీకో షీటు, క్రోటన్స్‌కో షీటు పెట్టుకుని ప్రతిదానికీ ఇలాగే పేరు పెట్టి ఉంటే, తీరిక చూసుకుని అన్నీ విప్పేయండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నరసాపురంలో లేసు అల్లించి అమ్మే చోట లెక్కలు రాస్తాను. ఊరువారీగా ఆడవాళ్ల కూలి మొత్తం రావాలని సబ్‌టోటల్ పెట్టాను. పక్కనున్న 2 అంకె నొక్కితే ఊళ్ల మొత్తాలు మాత్రమే చక్కగా కనిపిస్తున్నాయి. అవి కాపీ చేసి కొత్త షీటులో వేస్తే మాత్రం దాగి ఉన్న పేర్లన్నీ వచ్చేస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: కాపీకి ముందు ఒక్క షార్ట్‌కట్ కలపండమ్మా. కనిపిస్తున్న పట్టిక సెలెక్ట్ చేశాక, ఆల్ట్ పట్టుకుని సెమీకోలన్ నొక్కండి. కంటికి కనిపిస్తున్న సెల్స్ మాత్రమే సెలెక్షన్‌లో ఉంటాయి, దాగినవి వదిలేస్తుంది. సెలెక్షన్ మధ్య మధ్యలో సన్నని గీతలు కనిపిస్తే పని అయినట్టు. అప్పుడు కంట్రోల్ + సి, కొత్త షీటులో కంట్రోల్ + వి.

ఫిల్టర్ పెట్టినప్పుడు ఎక్సెల్ తనంతట తానే కనిపించేవే కాపీ చేస్తుంది కాబట్టి అందరూ అన్ని చోట్లా అలాగే జరుగుతుందని అనుకుంటారు. సబ్‌టోటల్‌తో మూసినవి, మనం చేత్తో హైడ్ చేసినవి అలా కావు, అవి కాపీలో వచ్చేస్తాయి. రెండు రకాలకీ తేడా గుర్తుపెట్టుకునే బదులు కాపీకి ముందు ప్రతిసారీ ఆల్ట్ + సెమీకోలన్ కొట్టే అలవాటు చేసుకోండి. పోయేదేమీ లేదు.

మీ షీటులో ఒక్కో పేరు ఎదురుగా ఎవరికెంత కూలి వెళ్లిందో ఉంటుంది. ఊరి మొత్తం అడిగినవాళ్లకి ఆ వివరాలు పొరపాటున పంపడం ఆ ఆడవాళ్లకి మంచిది కాదు. అందుకే మీరు ఆగి అడగడం నాకు నచ్చింది.

ప్రశ్న: అమలాపురంలో బీకాం చదువుతున్నాను. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లాలి. ఎక్సెల్‌లో సెలెక్షన్ షార్ట్‌కట్స్ అన్నీ ఒక జాబితాగా ఇవ్వగలరా?

జవాబు: జాబితా ఇవ్వను బాబూ. బట్టీపట్టిన జాబితా ఇంటర్వ్యూ గది తలుపు దగ్గరే మర్చిపోతావు. దాని బదులు ఒక సాయంత్రం కూర్చుని, యారోలు, హోమ్, ఎండ్, పేజ్ డౌన్, ఈ కీలు ఒక్కొక్కటీ ముందు ఒంటరిగా నొక్కి చూడు. తర్వాత కంట్రోల్‌తో. తర్వాత షిఫ్ట్ కలిపి. ఉదాహరణకి కంట్రోల్ + హోమ్ షీటు మొదటికి తీసుకెళ్తుంది, కంట్రోల్ + ఎండ్ వాడిన మేరలో చివరి మూలకి. షిఫ్ట్ కలిపితే మధ్యలో ఉన్నదంతా సెలెక్ట్ అవుతుంది. ఎక్కడికి వెళ్లాలో తెలిస్తే ఎలా సెలెక్ట్ చేయాలో తెలిసినట్టే.

ఒక్కోసారి కంట్రోల్ + ఎండ్ కొడితే డేటా కంటే ఎంతో కిందికి, ఖాళీలోకి వెళ్తుంది. అక్కడ ఎవరో ఎప్పుడో రంగో, గీతలో వేసి వదిలారన్నమాట. ఆ ఖాళీ వరుసలు పూర్తిగా డిలీట్ చేసి, ఫైలు సేవ్ చేస్తే సర్దుకుంటుంది. ఇంటర్వ్యూలో ఎవరైనా ఎక్సెల్ ముందు కూర్చోబెడితే మౌస్ పక్కకి జరిపి కంట్రోల్ + షిఫ్ట్ + ఎండ్ కొట్టి చూపించు, కారణం కూడా చెప్పు.

ప్రశ్న: రాజోలు దగ్గర చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. మా దగ్గర ఎక్సెల్ లేదు, ఉచితంగా వచ్చే లిబ్రేఆఫీస్ ఉంది. కొందరు గూగుల్ షీట్స్ కూడా వాడతారు. మీరు చెప్పేవి వాటిలో పనిచేస్తాయా?

జవాబు: ముఖ్యమైనవి పనిచేస్తాయండి. కంట్రోల్ + షిఫ్ట్ + యారో, షిఫ్ట్ + స్పేస్, కంట్రోల్ + స్పేస్ మూడింటిలోనూ ఒకటే. తేడా వచ్చేది కంట్రోల్ + ఎ దగ్గర. లిబ్రేఆఫీస్‌లో అది మొదటిసారికే షీటు మొత్తం పట్టుకుంటుంది. డేటా ఉన్నంత మేరకే కావాలంటే అక్కడ కంట్రోల్ పట్టుకుని, కీబోర్డు కుడివైపు అంకెల దగ్గరున్న నక్షత్రం కీ నొక్కాలి. ఎఫ్5 కూడా అక్కడ వేరే పని చేస్తుంది, నావిగేటర్ అనే పెట్టె తెరుస్తుంది. సెల్ పేర్లు టైపు చేయాలంటే ఎడమవైపు పైన సెల్ నంబరు కనిపించే చిన్న గడిలో క్లిక్ చేసి ఎఫ్2:ఎఫ్4187 అని కొట్టి ఎంటర్ నొక్కమనండి. మీ సెంటర్‌కి వచ్చేవాళ్లు ఎక్కువగా ఏం షీట్లు తెస్తారో రాయండి, వచ్చే నెల వాటితోనే చెబుతాను.